పిండికట్టు గది

ఇరవై రెండేండ్లుగా ఇదే బకెట్టు.
నీళ్లు మరీ కాగకూడదు, మరీ చల్లగా ఉండకూడదు.
చుట్టను ముంచి, బుడగలు ఆగేదాకా చూసి,
పిండీ పిండకుండా తీస్తాను.
గోళ్ల సందుల్లో సున్నం ఎప్పుడూ ఉంటుంది.
మా ఇంటావిడ నన్ను పెరుగన్నం కలపనీదు.

తిరుపతిలో కిందపడేవాళ్లకు కొదవ లేదు.
మెట్లదారిలో ఒకరు,
సత్రం బాత్రూము బండల మీద ఒకరు,
లీలామహల్ సర్కిల్ కాడ బండి జారి ఒకరు.
పడేటప్పుడు మనిషి ముందు చేతినే పంపుతాడు.
చెయ్యి పోయి నేలను ఆపబోతుంది.
నేల ఆగదు.

ధనకోటమ్మ వచ్చింది.
కొర్లగుంట సందులో రాగిసంగటి అమ్ముకునే మనిషి, అరవై ఎనిమిది.
కుడి మణికట్టు గరిటె వీపులా లేచి ఉంది.
దాని మీద కోడిగుడ్డు సొన ఎండి పొరలు పొరలు,
వెదురుబద్దల అచ్చులు.
"పుత్తూరు దాకా పొయ్యే ఓపిక లేక
మా వీధిలోనే ఒకాయన కట్టినాడు సామీ,
నాలుగు దినాలాయె."

ఫిల్మును వెలుగుపెట్టెకి తగిలించి
కుర్ర డాక్టరు తులసీరామ్ పెన్నుతో చూపించాడు.
ఇక్కడ తెగింది, ఇటు వాలింది.
కోసి, పలక పెట్టి, మరలు బిగిస్తే
ఫొటోలో నిటారుగా ఉంటుంది.
లాగి పిండికట్టు వేస్తే
మళ్లీ కొంచెం వాలిపోవచ్చు.

"మరి చెయ్యి?" అంది ఆమె.

ఆయన కాస్త ఆగాడు. ఆ ఆగడం నాకు నచ్చింది.
"మీ వయసులో, అవ్వా, ఏడాది తిరిగేసరికి
ఎట్ట కట్టినా చాలామందికి చెయ్యి ఒకేలా పనిచేస్తుంది.
మొదటి నెలల్లో మాత్రం పలక వేసుకున్నోళ్లు ముందుంటారు."

అల్లుడికి కోపం వచ్చింది.
"ఏదో ఒకటి తేల్చి చెప్పకూడదా సార్?"
తేల్చే చెప్పాడు కదా అనుకున్నాను.
తేలిందే అంత.

ఆమె ఎడమచేత్తో గాలిలో ఏదో తిప్పింది.
తెడ్డు. సంగటి గెలికే తెడ్డు.
"ఇది తిరిగితే చాలు. వంకరో టింకరో నాకేల?"

వేళ్లు నేను పట్టుకున్నాను, మోచేతి పైన ఇంకొకడు.
మత్తు ఎక్కేలోపు మా ఊరేదని అడిగింది.
పాకాల అన్నాను.
"పాకాలలో మా చిన్నత్త..." అంటుండగా లాగాం.
ఎముక కదిలే చప్పుడు చెవికి కాదు,
నా బొటనవేలికి వినిపిస్తుంది,
తడి ఇసుకలో చింతపిక్క జరిగినట్టు.

రెండో వారం ఫిల్ములో అది మళ్లీ వాలింది.
డాక్టరు మళ్లీ అడిగాడు.
ఆమె మళ్లీ తెడ్డు తిప్పింది.

(ఆ పొద్దే మునిశేఖరం వచ్చాడు, ఇరవై ఆరు,
కొండ మీదికి జీపు తోలేవాడు.
కీలు లోపలే పగిలి రవ్వరవ్వలైంది.
అక్కడ నా బకెట్టుకి పని లేదని
ఫిల్ము చూడగానే నాకే తెలిసింది.
పై అంతస్తుకు పంపాం. పలక, ఏడు మరలు.
మార్గశిరం తెల్లారుజామున గేరు మార్చేటప్పుడు
లోపలి ఇనుము పలకరిస్తుందంటాడు.)

ఆరు వారాలకు రంపం పెట్టాను.
అది చర్మాన్ని కొయ్యదని ఎంత చెప్పినా
కళ్లు మూసుకుని గోవిందా అంది.
లోపలి చెయ్యి సన్నబడి, పొట్టు రేగి,
ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంది.
గ్లాసు పట్టబోయింది, జారింది.
అప్పుడు నన్ను ఒక చూపు చూసింది.
అది ఇంకా నా కాడే ఉంది.

మరుసటేడు గంగజాతర రోజుల్లో
పనేం లేకపోయినా కొర్లగుంట వైపు పోయాను.
పొయ్యి ముందు నిలబడి ఉంది.
మణికట్టు వంకరే, వీధి మొగదల నుంచే తెలుస్తుంది.
ఆ చేత్తోనే గెలికి, తడి చేసుకుని,
గిన్నెలో ఆడించి, నా ఆకులో వేసిన ముద్ద
ఎంత గుండ్రంగా ఉందంటే
కాసేపు వేలు పెట్టబుద్ధి కాలేదు.

"కోయించుకోనుంటే ఇంకా బాగుండునా సామీ?"
ఊరిబిండి వడ్డిస్తూ అడిగింది.
నాకేం తెలుసు. ఆ చెయ్యి ఆ దారిన పోలేదు.
"డబ్బా మూత తిప్పేటప్పుడు పీకతాది" అని తనే అంది.
ఇంతలో ఎవరో, అవ్వా, ఇంకో ముద్ద అన్నారు.

తిన్నాను.
గోళ్ల సందుల్లో సున్నం ఉంది.
ఆమె చూసింది. ఏమీ అనలేదు.